మా అక్కకు చదవని ముగింపు

కిందటేడు ఒక పత్రిక ప్రత్యేక సంచికకు మా అక్క గురించి రాశాను. పక్షవాతంతో మంచం పట్టిన అమ్మ కోసం తన బతుకంతా ఇబ్రహీంపట్నంలోనే గడిపిన మనిషి అని, పట్నంలో నర్సు పని నేర్చుకునే అవకాశం చేతికొచ్చినా వద్దనుకుందని రాశాను. చదివినవాళ్లు మెచ్చుకున్నారు. కొందరు కంటతడి పెట్టుకున్నామని కూడా చెప్పారు. రాసిన దాంట్లో అబద్ధం లేదు. కానీ ఒక సంగతి రాయకుండా వదిలేశాను. అక్క వెళ్లకుండా ఆగిపోయేలా, నేను ఒక కథ ముగింపును మార్చి చదివాను. పుస్తకంలో లేనిదాన్ని ఉన్నట్టుగా, పేజీల మీద కళ్లు పెట్టి మరీ చదివాను. ఆనాడు ఎవరికీ చెప్పలేదు. అమ్మ పోయిననాడు చెప్పలేదు. చివరికి అక్కను పొగుడుతూ రాసినప్పుడు కూడా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ వదిలేసిన సంగతి.

ఆ పుస్తకం మా ఇంటికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. నైజాం చివరి రోజుల్లో మా ఊరి బజారు పక్కన ఒక చిన్న గదిలో తెలుగు పుస్తకాలు పెట్టి చదువుకునేవాళ్లం. బడిలో చదువు ఉర్దూలో ఉండేది. తెలుగు అక్షరాలు నాకు వంటబట్టింది ఆ గదిలోనే. ఊళ్లో గొడవలు ముదిరి, తెలుగు పుస్తకం కనబడితే నైజాంను ఎదిరించే సంగపోళ్లదని అనుమానించే రోజులు వచ్చేసరికి ఆ గదికి తాళం పడింది. పుస్తకాలను తలా కొన్ని ఇళ్లకు తీసుకుపోయి దాచుకున్నాం. మా వంతుకు వచ్చిన వాటిలో అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. మా బాపు, అంటే నాన్న, దాన్ని గుడ్డలో చుట్టి జొన్నల గుమ్మిలో అడుగుకంటా దోపాడు. చాలా రోజుల తర్వాత తీసినప్పుడు పుటల మధ్య నుంచి జొన్నపొట్టు రాలింది.

అది ఓడల కథ. ఉప్పు వర్తకుడి కూతురిని పెళ్లి కోసం వేరే రేవుకు ఓడలో పంపుతారు. తుఫానులో ఓడ పగిలిపోతుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ పిల్ల చచ్చిపోయిన నావికుడి బట్టలు తొడుక్కుని, మగవాడినని చెప్పి ఇంకో ఓడలో పనికి కుదురుతుంది. చుక్కలు చూసి దారి తెలుసుకోవడం నేర్చుకుంటుంది. దొంగలకు చిక్కుతుంది, తప్పించుకుంటుంది, చివరికి తానే ఓడకు పెద్ద అవుతుంది. పుస్తకం మొదట్లో ఒక ముందుమాట ఉంది. దూరదేశంలో ఒక స్త్రీ మూడు వందల ఏళ్ల కింద రాసిన కథ ఇది అని, తెలుగులోకి తెచ్చినాయన అందులో చెప్పాడు. ఆమె తన మాటలుగా రాసుకున్న పేజీలు కూడా ఉన్నాయి. నేను వాటిని చదివాను కానీ ఎవరికీ వినిపించలేదు.

పోలీసు చర్య అయిపోయి, మిలిటరీ లారీలు ఊళ్లో తిరుగుతున్న చలికాలంలో ఆ పుస్తకం మళ్లీ వెలుగులోకి వచ్చింది. సంగంలో ఉన్న యువకులు మంచాల ఊరి వైపు గుట్టల్లోకి పోయారు. వాళ్ల కోసం మిలిటరీ వాళ్లు ఇళ్లు వెతికేవారు. పొలం పనికి పోవాలన్నా భయమే. మధ్యాహ్నాలు మా వాకిట్లో ఆడవాళ్లు చేరి విత్తనానికి పల్లికాయ ఒలిచేవారు. అమ్మ మంచాన్ని ఎండలోకి జరిపేవాళ్లం. జబ్బు చేసినప్పటి నుంచి అమ్మకు కుడి చెయ్యి, కుడి కాలు పనిచేసేవి కావు, మాట కూడా పడిపోయింది. మిగిలింది ఒక్క 'ఊ'. ఆకలైనా ఊ, నొప్పైనా ఊ, సంతోషమైనా ఊ. ఏ ఊ దేనికో అక్కకు తెలిసేది.

అక్క నాకంటే ఐదారేళ్లు పెద్దది. అత్తవారింట్లో దెబ్బలు పడలేక, ఒకనాడు తెల్లారి బట్టల మూటతో నడిచి వచ్చేసింది. మళ్లీ పొమ్మని బాపు అనలేదు. ఆ సంబంధం తానే చూసి చేశానన్న బాధ ఆయనకు ఉండేది.

కథ చదవమని అడిగింది అక్కే. మా దగ్గర కథకు ఒక పద్ధతి ఉంది. చెప్పేవాడు చెబుతుంటే వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగాలి. నేను చదివేది అచ్చు పుస్తకమైనా వాళ్లు ఆ పద్ధతి మానలేదు. వాక్యం చివర ఆగితే చాలు, పల్లికాయ చిటుక్కుమనే చప్పుడుతో పాటు ఊ వినబడేది. అందరికంటే గట్టిగా మంచం మీది నుంచి అమ్మ ఊ. ఆమె కూడా అందరితో సమానంగా చేయగలిగిన పని అదొక్కటే.

మేమెవరమూ సముద్రం చూడలేదు. ఓడ అన్న మాట రాగానే అందరి మనసులోనూ మా పెద్ద చెరువే మెదిలేది. పక్కింటి చిన్నమ్మ నోరు ఊరికే ఉండేది కాదు.

"గంత పెద్ద ఓడ మన చెర్వుల ఏస్తే బురదల కూరుకపోతది. బర్లను కట్టి గుంజాలె," అనేది.

"నువ్వొక్కదానివి ఎక్కితే సాలు, గట్లనే మునుగుతది చిన్నమ్మా," అని అక్క అంటే వాకిలంతా నవ్వులు.

ఒకనాడు ఒడ్డుకు చేరిన పిల్లకు తినడానికి గుప్పెడు గింజలు దొరికే చోటు చదువుతున్నాను. ఎంత ఆకలి మీద ఉన్నా ఆమె ముందు రేపటికని ఒక పిడికెడు తీసి కొంగున కట్టుకుని, తర్వాతే తినడం మొదలుపెడుతుంది. అక్క ఊ కొట్టడం ఆపి అడిగింది.

"ఎవలు రాసిండ్రురా గీ కథ?"

"ఎవరో దొర."

"మొగోడా?"

"అవ్."

"మొగోనికి గిది ఎట్ల ఎరుకైంది? ఆకలైతే మొగోడు ముంగట తింటడు. రేపటిది ఆడిది సూస్తది."

చిన్నమ్మ అందుకుంది. "వాళ్ల పెండ్లాం చెప్పి ఉంటది. నువ్వు చదువుర బిడ్డా, దానికి అన్నీ సందేహాలే."

ఆ ముందుమాట నా చేతిలోని పుస్తకంలోనే ఉంది. అయినా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నాకూ సరిగ్గా తెలియదు. ఆడమనిషి రాసిన పుస్తకాన్ని ఆడవాళ్ల మధ్య కూర్చుని చదువుతున్నానని నా ఈడువాళ్లకు తెలిస్తే నవ్వుతారనుకున్నానేమో. అది మొదటి దాపరికం.

రెండోది భయం వల్ల జరిగింది. ఓడలో పనివాళ్లు క్రూరుడైన పెద్దను కట్టేసి తిరగబడే అధ్యాయం ముందురోజు చదివాను. మర్నాడు మిలిటరీ వాళ్లు ఇల్లు వెతకడానికి వచ్చారు. గుమ్మి తిప్పి చూశారు, దూలం మీద చెయ్యి పెట్టి చూశారు. చివరికి నా ఒళ్లో పుస్తకం చూసి, అందులో ఏముందో చదివి చెప్పమని వాళ్ల పెద్ద అడిగాడు. పుస్తకం తెరవగానే వచ్చింది ఆ తిరుగుబాటే. తెలుగు చదువుతున్నట్టు పెదవులు కదుపుతూ, వచ్చిన ఉర్దూలో చెప్పుకుపోయాను. ఓడలో పనివాళ్లంతా వాళ్ల పెద్దకు సలాము చేశారని, ఆయన సంతోషించి అందరికీ మిఠాయి పంచాడని చెప్పాను. ఆ సిపాయి పెద్దగా నవ్వి, ఏం మిఠాయి అని అడిగాడు. జిలేబీ అన్నాను. పుస్తకం నా ఒళ్లోకి విసిరి వెళ్లిపోయారు.

లారీ చప్పుడు దూరమయ్యాక అక్క కడుపు పట్టుకుని నవ్వింది. మా ఇంట్లోవాళ్లకు ఉర్దూ మాట్లాడడం అంతంతమాత్రమైనా అర్థం కాకుండా పోదు.

"ఓరి నీ పాడుగాను! నిన్న కట్టేసిండ్రంటివి, ఇయ్యాల జిలేబీ పెట్టినవ్ గదరా! పుస్తకంల లేనిది గూడ మస్తు చదువుతవ్ నువ్వు!"

బాపు నా భుజం తట్టాడు. ఇల్లు కాపాడినవ్ అన్నాడు. ఆ మెచ్చుకోలు నిజమే, నేను చేసింది కూడా తప్పు కాదు. కానీ ఆనాడు నాకొకటి తెలిసింది. పుస్తకం నా చేతిలో ఉన్నంతవరకు కథ కూడా నా చేతిలోనే ఉంటుంది.

ఆ రోజుల్లోనే పట్నంలో ఒక దవాఖానలో ఆయాగా పనిచేసే మా ఊరి క్రైస్తవ స్త్రీ పండుగకు ఇంటికి వచ్చింది. ఆమె కూడా కథ వినడానికి వచ్చేది, కానీ గడప బయటి అరుగు మీదే కూర్చునేది. లోపలికి రమ్మని మేం ఎవరమూ అనలేదు. అది కూడా రాయవలసిన నిజమే. కాన్పుల పని నేర్పడానికి తమ దవాఖానలో ఆడపిల్లలను తీసుకుంటున్నారని, తిండి, పడక వాళ్లే ఇస్తారని, చదువు రాకపోయినా అక్కడే నేర్పుతారని ఆమె అక్కకు చెప్పింది. అక్క మొహం ఆ క్షణంలో ఎలా మారిందో నేను చూశాను. అత్తవారింటి నుంచి నడిచి వచ్చిననాడు కూడా ఆ మొహంలో అంత ధైర్యం లేదు.

సరిగ్గా అప్పుడే నా చదువు సంగతి కూడా దానితో ముడిపడింది. గొడవల్లో ఆగిపోయిన చదువు పట్నంలో మళ్లీ మొదలుపెట్టాలని నేను బాపు వెంటపడుతున్నాను. ఒకనాడు అన్నం తింటూ బాపు తేల్చి చెప్పాడు.

"ఇద్దరు పోతే అమ్మను ఎవలు సూస్తరు? నేను పొలం విడిచి ఇంట్ల కూసుంటే ఏం తింటం? ఒక్కరే పోవాలె." తర్వాత నా వైపు చూడకుండా అక్కతో అన్నాడు. "నీకు ఒకపారి అన్యాయం చేసిన బిడ్డా. ఈపారి నువ్వే చెప్పు. నువ్వు పోతానంటే వాడు ఉంటడు."

కొడుకుని కాదని కూతురిని ముందు అడిగే తండ్రి ఆ రోజుల్లో ఎక్కడా లేడేమో.

అక్క నవ్వుతూ అంది. "గా ఉప్పాయన బిడ్డ మల్ల ఇల్లు చేరుతదా, చేరితే ఇంట్ల రానిస్తరా, గది ఎరుకైనంక చెప్త బాపూ."

ఆమె పరాచికంగా అన్నదో, నిజంగానే అన్నదో నాకు తెలియదు. నేను మాత్రం నిజంగానే తీసుకున్నాను. మర్నాడు పొద్దున్నే పుస్తకం పట్టుకుని బాయి దగ్గరికి పోయి చివరి అధ్యాయం ఒక్కడినే చదివాను. చదివి భయపడ్డాను. అక్క అది వింటే ఆగదు.

ఆ మధ్యాహ్నం వాకిట్లో ఎప్పటిలాగే అందరూ ఉన్నారు. ఓడ సొంత రేవుకు చేరేదాకా ఉన్నది ఉన్నట్టు చదివాను. అక్కడి నుంచి నా కథ మొదలైంది. కూతురు పరుగెత్తుకుంటూ ఇంటికి పోయింది, తలుపు తీసే ఉంది, లోపల ఎవరూ లేరు అని చదివాను. ఆమె కోసం ఎదురుచూసి ఎదురుచూసి తల్లి మంచం పట్టిందని, చివరి ఘడియల్లో గొంతులో నీళ్లు పోసేవాళ్లు కూడా లేక పోయిందని చదివాను. కూతురు ఆ ఖాళీ మంచం పట్టుకుని ఏడుస్తూ ఉండిపోయిందని ముగించాను. నా గొంతు కూడా వణికింది. వినేవాళ్లు అది కథలోని దుఃఖం అనుకుని ఉంటారు.

ఎవరూ ఊ కొట్టలేదు. పల్లికాయ చప్పుడు కూడా ఆగింది. కాసేపటికి ఒక్క ఊ వినబడింది. అది అమ్మది. ఎప్పటిలా గట్టిగా లేదు. అమ్మ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పనిచేసే ఎడమ చేత్తో మంచం పక్కన కూర్చున్న అక్క మణికట్టు పట్టుకుంది.

అక్క నా మొహం చూడలేదు. నా ఒళ్లో పుస్తకం వైపు చూసింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఇంక గన్ని కాయిదాలున్నయి గదరా?"

"అవి అచ్చేసినోళ్లు రాసుకున్నయి. కథ కాదు."

సాయంత్రం బాపు పొలం నుంచి రాగానే "తమ్ముడే పోతడు" అని ఒక్క మాట చెప్పింది. బాపు రెండోసారి అడిగినా అదే చెప్పింది. నేను పట్నం పోయేటప్పుడు ఆ పుస్తకాన్ని నా పెట్టెలో పెట్టుకుపోయాను. ఊళ్లో ఇంకెవరైనా చదివి, అసలు ముగింపు చెబుతారేమోనని.

చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, పట్నంలోనే ఇల్లు కట్టుకున్నాను. అమ్మ చాలా ఏళ్లు బతికింది. ఆమె పోయేసరికి అక్కకు కొత్త పని నేర్చుకునే వయసు దాటిపోయింది. అది కథే కదా, కథకు ఎవరైనా బతుకు మార్చుకుంటారా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సర్దుబాటుతో పాతికేళ్లు గడిచాయి.

ఈ మధ్య కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి పాత పెట్టె సర్దుతూ ఆ పుస్తకం తీసింది. పగలంతా చదివి నవ్వుతూ వచ్చింది.

"బాపూ, ఈమెకు కథ ఎటూ పోకపోతే తుఫాను తెస్తది చూసినవా? ఒక ముసలి నావికుడు అయితే రెండుసార్లు చచ్చిపోతడు!" అని, నవ్వు ఆపి అంది. "కానీ ఆఖరు మాత్రం ఎంత బాగ రాసిందో. అత్తమ్మకు చదివి వినిపించినవా ఎప్పుడన్నా?"

నేను పుస్తకం తీసుకుని మళ్లీ మొదటి నుంచి చదివాను. మా అమ్మాయి చెప్పినట్టు అది అతుకుల బొంతే. మాట్లాడుతున్న మనిషి మధ్యలో మాయమై, చాలా పేజీల తర్వాత వచ్చి ఏమీ జరగనట్టు అదే మాట పూర్తిచేస్తాడు. ఒక అధ్యాయమంతా ఆడపిల్లలకు దారుల పటాలు ఎందుకు చూపించరన్న వాదన. చిన్నప్పుడు ఇవన్నీ విసుగనుకుని ఎగరేసి చదివాను. ఇప్పుడు వాటి దగ్గరే ఆగిపోయాను. ముందుమాటలో ఆ రచయిత్రి తాను ఎన్నడూ ఓడ ఎక్కలేదని రాసుకుంది. అన్నల దగ్గర తాళ్ల పేర్లు, తెరచాపల పేర్లు అడిగితే వాళ్లు నవ్వారట. తప్పులుంటే మన్నించమని, కానీ పోవాలన్న కోరికలో మాత్రం తప్పు రాయలేదని చెప్పుకుంది. ఓడ ఎక్కని మనిషి రాసింది. సముద్రం చూడని మనిషి, పిడికెడు గింజల దగ్గరే, ఇది ఆడమనిషి రాసిందని పసిగట్టింది. ఆ ఇద్దరి మధ్య ఏమీ రాయని నేను అడ్డం కూర్చున్నాను.

ఆ ఆదివారం సాగర్ రోడ్డు బస్సెక్కి ఇబ్రహీంపట్నం పోయాను. అక్క వరండాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పత్రికలో తన గురించి రాసింది ఎవరో చదివి వినిపించారట.

"మస్తు పెద్దగ జేసి రాసినవ్ నన్ను," అంది, సంతోషమేమీ లేకుండా.

నేను పుస్తకం తీసి ముందు ముందుమాట చదివాను. అక్క చెయ్యి ఆగింది. "నేను చెప్పలేదా మొగోడు కాదని," అంది మెల్లగా. తర్వాత చివరి అధ్యాయం చదివాను. ఓడ రేవుకు చేరుతుంది. కూతురు ఆడబట్టలు కట్టుకుని దిగి తల్లిదండ్రుల ముందు నిలబడి, నేను మీ బిడ్డను అంటుంది. తల్లి చేతులు చాపుతుంది. ఇంట్లోకి రమ్మని తండ్రి పిలుస్తాడు. వస్తాను, తింటాను, గాలి మళ్లగానే పోతాను అంటుంది ఆమె. తల్లి వడ్డిస్తుంది. గాలి మళ్లినప్పుడు ఒడ్డున ఓడ తాడు విప్పింది తండ్రే.

"తిని పోయిందా?" అక్క అడిగింది.

"పోయింది."

"వాళ్లమ్మ ఏమనలే?"

"మల్ల ఎప్పుడొస్తవని అడిగింది. అంతే."

అక్క చేట పక్కన పెట్టింది. "నువ్వు మార్చి చదివినవని నాకు గప్పుడే ఎరుక. గన్ని కాయిదాలు మిగిలినంక కథ ఎట్ల అయిపోతదిరా? మిలిటరోనికి జిలేబీ పెట్టినోనివి, నాకేం పెట్టవు?"

"ఎరుకై గూడ ఎందుకు ఉన్నవక్కా?"

అక్క చెప్పింది. "ఆయమ్మ వచ్చి చెప్పిననాడే అమ్మను అడిగిన. దవాఖానకు పోవాల్నా అమ్మా అంటే, ఊ అన్నది. నవ్వుకుంట అన్నది. నా తల నిమిరింది. నువ్వు గా కథ చదివినంక చెయ్యి ఇడువలే. అమ్మకు నువ్వు మార్చినవని ఎరుకలేదు గద. నీళ్లకు పోయి జర ఆలస్యమైతే ఏడిసేది. పోయేదాంక గంతే. ఊకె భయం, ఎవ్వలు లేకుంట పోతనని. నన్ను ఆపితే ఆపినవ్ తియ్. గా ముసల్దాన్ని అన్నేండ్లు భయపెట్టినవ్ గదరా."

అమ్మ ఊ అన్నదన్న సంగతి నాకు ఆనాటిదాకా తెలియదు. నేను పత్రికకు రాసిన నాలుగు పేజీల్లో అమ్మ ఒక మంచం మాత్రమే. ఆమె కూడా బిడ్డను పొమ్మన్న తల్లేనని, ఆ మాటను ఆమె నోట్లోంచి లాక్కున్నది నేనేనని తెలిశాక, వచ్చేటప్పుడు బస్సులో కూర్చుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. పుస్తకం మూసి కింద పెట్టి, అక్క కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"అక్కా, పట్నం పోవాలని నాకు ఆశ ఉండె. అడిగి పోయేదానికి ధైర్యం లేక, అబద్ధం చదివిన. నిన్ను పోనియ్యలే. అమ్మ నిన్ను పొమ్మంటే, గా అమ్మనే భయపెట్టిన. గిది త్యాగం కాదు, నేను చేసిన తప్పు. పత్రికల గూడ గట్లనే రాస్త. అమ్మకు చెప్పుకునేటందుకు లేదు. నీకు చెప్పుకుంటున్న. నన్ను మాఫ్ చెయ్యి అక్కా."